దేగ్చీకి కాళ్లొచ్చిన కథ

కంటోన్మెంటు కథలు: 12వ భాగం

పోయిన భాగంలో తిరుమలగిరి కందకం చుట్టూ తిరిగాం. 1857 భయం తర్వాత తెల్ల సిపాయిల్ని ఊరికి ఎడంగా, కందకం లోపల ఉంచాలని ఇంగ్లీషువాళ్లు ఎందుకనుకున్నారో చెప్పుకున్నాం. ఈసారి ఆ కందకం లోపలికెళ్లి వంటశాల గుమ్మం దగ్గర ఆగుదాం. దానికి ముందు ఒక దోసె సంగతి చెప్పాలి.

మొన్న వానల్లో ఒక సాయంత్రం ఇంట్లో గ్యాస్ అయిపోయింది. ఫోనులో మసాలా దోసె తెప్పించుకున్నాం. చెప్పిన టైముకే వచ్చింది, చెయ్యి పెడితే కాలేంత వేడిగానూ ఉంది. దోసె మాత్రం దోసెలా లేదు, తడిపి పిండిన చేతిరుమాలులా ఉంది. డబ్బా మూత తిప్పి చూస్తే లోపలివైపు వరసగా నీటి బొట్లు. అవి ఒక్కొక్కటే జారి దోసె మీద పడుతున్నాయి. అదే కుర్రాడు అదే సంచిలోంచి పక్కింటివాళ్లకు బిర్యానీ ఇచ్చి వెళ్లాడు. అది పొగలు కక్కుతూ, మెతుకు మెతుకు విడిపోతూ ఉందని ఆ ఇంటావిడ గోడ మీంచి చెప్పింది. దారి ఒకటే, సంచి ఒకటే, వాన ఒకటే. తేడా ఎక్కడ వచ్చిందా అని తవ్వుకుంటూ పోతే నూటయాభై ఏళ్లు వెనక్కెళ్లి, మళ్లీ ఈ తిరుమలగిరి రోడ్డు మీదే తేలాను.

మన పల్లెల్లో తిండి ఇల్లు దాటి బయల్దేరిందంటే అది సద్దే. రాత్రి మిగిలిన అన్నంలో ఇంత చల్లో గంజో పోసి, ఉల్లిగడ్డ, పచ్చి మిరపకాయ పెట్టి మూట కడితే పొద్దెక్కాక పొలం గట్టు మీద విప్పేవాళ్లు. చద్ది, చల్ది అన్న మాటలోనే చల్లదనం ఉంది. పోతన భాగవతం దశమ స్కంధంలో గోపబాలురు కృష్ణుడితో కలిసి వనంలో ఆరగించింది చల్దులనే, వేడి పప్పన్నాన్ని కాదు. బతుకమ్మ చివరి రోజున చెరువు గట్టుకు మోసుకెళ్లి పంచుకునే పెరుగు సద్ది, నువ్వుల సద్ది, చింతపండు పులిహోర, వీటిలో ఏదీ వేడిగా తినాల్సింది కాదు. పెద్దల మాటను సద్దిమూటతో పోల్చుకున్నాం గానీ వేడన్నంతో పోల్చలేదు. వేడిగా తినాలంటే మనిషే పొయ్యి దగ్గరికి రావాలి. పొయ్యి లేచి మనిషి దగ్గరికి వెళ్లడం అన్న ఊహే మనకు లేదు, దాని అవసరమూ పడలేదు. పులిసిన అన్నం త్వరగా పాడవదు, మోయడానికి గుడ్డ చాలు, ఆలస్యమైతే రుచి పెరుగుతుందే గానీ తగ్గదు.

ఆ అవసరం పడింది సైన్యానికి.

సికందరాబాదు పుట్టిందే దండు కోసం. 1798 ఒప్పందంతో కుంపిణీ పటాలం వచ్చి హుస్సేన్ సాగర్ ఉత్తరాన దిగింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు ఈ చోటికి పెట్టారు. తర్వాత దండు బోయిన్‌పల్లి, తిరుమలగిరి, బొల్లారం వైపు సాగుతూ పోయింది. ఇంగ్లీషు కాగితాల్లో ట్రిమల్‌ఘెరీ అని రాసుకున్న ఈ కొండ ఊళ్లో బ్యారకులు, ఆసుపత్రి, చర్చి, దూరం నుంచి చూస్తే విండ్సర్ కోటలా కనిపించే మిలిటరీ జైలు లేచాయి. పక్కనే లాల్ బజార్ పెరిగింది. దొరల బంగళాల్లో వంటగది ఇంటికి అంటకుండా వెనక విడిగా కట్టేవారు. పొగ, సెగ, నిప్పు భయం అందుకు కారణాలు. వండిన వంటకం పెరటి ఎండలో నడిచి భోజనాల గదికి రావాలి. అందుకే పళ్లెం అడుగున బోలుగా ఉంచి వేడినీళ్లు పోసే పింగాణీ పళ్లేలు విలాయతి నుంచి తెప్పించుకునేవాళ్లు. ఇరవై అడుగుల ప్రయాణానికి అంత హంగామా!

సిపాయి సంగతి వేరు. కాపలా కాసేవాణ్ణి అన్నానికి పిలిస్తే కాపలా ఎవరు కాయాలి? వాణ్ణి పొయ్యి దగ్గరికి పంపలేరు కాబట్టి కుండే వాడి దగ్గరికి వెళ్లాలి. ఇక్కడే మన కథానాయిక వస్తుంది. ఫారసీలో దేగ్ అంటే పెద్ద వంటపాత్ర. చిన్నదైతే దేగ్చా, దేగ్చీ. దక్కనులో ఆ మాట ఇంటింటికీ పాకి తెలుగు నోళ్లలో డేగిశ, డేక్సా అయింది. పెళ్లి వంటల దగ్గర నేటికీ వినపడే మాటే. అదే మాటను హిందూస్తాన్‌లో కొలువు చేసిన తెల్ల సిపాయి డిక్సీ అని పలికి తన వెంట ఇంగ్లండు పట్టుకెళ్లాడు. మూత, పట్టుకోవడానికి కమ్మీ ఉన్న ఇనుప పాత్ర, కర్ర దూర్చి ఇద్దరు మోసుకెళ్లొచ్చు. మూత బోర్లిస్తే పెనంగా కూడా పనికొస్తుంది. బ్రిటిష్ సైన్యం ఎక్కడికెళ్తే అక్కడికి డిక్సీ వెళ్లింది. మన డేక్సా తోబుట్టువు అలా ఊళ్లేలింది.

ఆ పాత్ర ఎంతవరకు వేడి నిలుపుతుందన్నది 1914లో తేలింది. ఆ ఏడాది సికందరాబాద్ అశ్విక బ్రిగేడు ఫ్రాన్సుకు వెళ్లింది. అందులో 7వ డ్రాగూన్ గార్డ్స్, 20వ డెక్కన్ హార్స్, 34వ పూనా హార్స్ ఉన్నాయి. డెక్కన్ హార్స్ మూలాలు నిజాం ఖర్చుతో నడిచిన హైదరాబాద్ కంటింజెంటులోవి. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర వీళ్లు గుర్రాల మీద ఈటెలతో దూకిన సంగతిని సైనిక చరిత్రలన్నీ రాస్తాయి. కందకాల్లో గుర్రం దిగి నెలల తరబడి కూర్చున్న సంగతి మీద అంత సిరా ఖర్చు పెట్టవు. వంట వెనకెక్కడో మైళ్ల దూరంలో జరిగేది. చీకటి పడ్డాక బురదలో, గుళ్ల మధ్య, డిక్సీలు మోసుకుంటూ తిండి ముందు వరసకు చేరేది. చేరేసరికి కూర మీద కొవ్వు తెట్టు కట్టేది.

దీనికి సైన్యం పట్టుకున్న ఉపాయం చూస్తే మన పల్లెటూరివాడు నవ్వుతాడు. అది గడ్డిపెట్టె. ఒక చెక్క పెట్టె, లోపల జానెడు మందాన కూరిన ఎండుగడ్డి, మధ్యలో గూడులా గుంట. పొయ్యి మీంచి ఉడుకుతున్న పాత్రను దించి ఆ గుంటలో కూర్చోబెట్టి, పైన గడ్డి కుట్టిన మెత్త పెట్టి, మూత బిగిస్తారు. గొప్పదనం గడ్డిది కాదు, గడ్డి పరకల మధ్య ఇరుక్కుని కదలలేకపోయిన గాలిది. గాలి కదిలితే వేడిని ఎత్తుకుపోతుంది, కదలకపోతే దుప్పటిలా కాపలా కాస్తుంది. 1867 పారిస్ ప్రదర్శనలో యోహాన్ సోరెన్సెన్ అనే నార్వేవాడు ఇలాంటి పెట్టెను చూపించి బహుమతి కొట్టాడు. నిప్పు లేకుండా తనంతట తానే వండుకునే పొయ్యి అని దానికి పేరు. నిజంగానే వండుతుంది కూడా. మరుగుతున్న పప్పును అందులో పెడితే గంటల తరబడి తన వేడికి తానే ఉడుకుతుంది. మన అమ్మమ్మలు మామిడికాయలు వరిగడ్డిలో మగ్గేసేవాళ్లు గదా, అన్నం గిన్నెను అందులో పెట్టాలని ఎందుకు తోచలేదా అనిపించింది నాకు. తర్వాత తట్టింది, వాళ్లకు సద్ది ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఇంకో మెట్టు ఎక్కారు. డబ్బా మధ్యలో మందుగొట్టం పెట్టి, సిగరెట్టుతో వత్తి అంటిస్తే నాలుగైదు నిమిషాల్లో లోపలి సూపు కాగిపోయే డబ్బాలు బ్రిటిష్ సైన్యం వాడింది. వాటికి ముందు చిన్న చిల్లు పెట్టడం మరిచిపోతే పేలేవి కూడా. వేడిని మోసుకెళ్లే బదులు నిప్పునే మోసుకెళ్లడం అన్నమాట. ఊళ్లోకి ఆ దారి రాలేదు, రాకపోవడమే మంచిదైంది.

ఊళ్లోకి వచ్చింది ఫ్లాస్కు. దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1892లో లండన్‌లో జేమ్స్ డ్యూవర్ రెండు పొరల గాజుసీసా చేసి, మధ్య గాలి తోడేశాడు. గాలే లేకపోతే వేడి దాటడానికి వాహనం ఉండదు. గాజుకు వెండి పూత పూస్తే కిరణాలుగా పారిపోయే వేడి కూడా వెనక్కి తిరుగుతుంది. అయితే ఆయన కాపాడదలచింది వేడిని కాదు, ద్రవంగా మార్చిన వాయువుల అతిశీతలాన్ని. పేటెంటు తీసుకోలేదు. బెర్లిన్‌లో రైన్‌హోల్డ్ బర్గర్ దానికి లోహపు తొడుగు వేసి 1904లో థెర్మోస్ పేరుతో అమ్మకానికి పెట్టాడు. డ్యూవర్ కోర్టుకెక్కి ఓడిపోయాడు. ఆసుపత్రిలో పేషంటు మంచం పక్కన స్టూలు మీద నిలబడే ఆ ఫ్లాస్కు అసలు సొంతదారుకు పైసా దక్కలేదు.

మరి టిఫిన్ క్యారియర్? చాలామంది దాన్ని వేడి నిలిపే పాత్ర అనుకుంటారు. కాదు, అది ఒలకకుండా మోసే పాత్ర. ఒంటి పొర ఇత్తడో స్టీలో వేడిని గంటలో వదిలేస్తుంది. నాలుగు గిన్నెలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటే కింది గిన్నె సెగ పై గిన్నెకు తగులుతుంది, అంతమాత్రం లాభం. బొంబాయిలో 1890లో మహదేవ్ హవాజీ బచ్చే మొదలెట్టిన డబ్బావాలాల పద్ధతి కూడా డబ్బాను నమ్ముకున్నది కాదు, గడియారాన్ని నమ్ముకున్నది. ఇంట్లో పొద్దున ఆలస్యంగా వండి, ఆఫీసు భోజనం గంటకు ముందు చేర్చడమే దాని కిటుకు. క్యారియర్ మీద నాకు మోజు లేక కాదు. మా ఇంట్లో ఇప్పటికీ అటక మీద ఒకటుంది, దాని గొళ్లెం తీసేటప్పుడు వచ్చే టక్‌మన్న చప్పుడుకే ఆకలి వేస్తుంది. కానీ చరిత్ర రాసేటప్పుడు మోజు పక్కన పెట్టాలి.

ఇక మన ఊరి సొత్తు దగ్గరికి వద్దాం. గడ్డిపెట్టె సైన్యానికి రాకముందే హైదరాబాదు వంటవాడికి వేడి గుట్టు తెలుసు. వేడి ఎక్కువగా పోయేది ఆవిరితో. ఒక్క గ్రాము నీరు ఆవిరైపోతే దాదాపు 540 క్యాలరీల వేడి పట్టుకుపోతుంది. ఒక గ్రాము మరిగే నీళ్లు గది వేడికి చల్లారినా అందులో ఏడో వంతు పోదు. అంటే మూత తెరిచి ఉన్న గిన్నె చల్లారేది ముఖ్యంగా గిన్నె వల్ల కాదు, తెరిచిన మూత వల్ల. దమ్ అంటే ఊపిరి. దేగ్ అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద అతికి, మూత బిగించి, పైనా కిందా బొగ్గులు పెట్టడమంటే ఆ ఊపిరిని లోపలే బంధించడం. మొగలుల వంటింట్లో పాదుషా ముందుకు వెళ్లే పళ్లేలను గుడ్డకట్టి ముద్ర వేసి పంపేవారని ఐనీ అక్బరీ చెప్తుంది. అది విషం భయానికి వేసిన ముద్ర. హైదరాబాదు పిండిముద్ర ఆవిరికి వేసింది.

ఇప్పుడు దోసెకూ బిర్యానీకీ తేడా దొరికింది. దోసె ప్రాణం పొడిదనంలో ఉంది. పెనం మీద నీరంతా చిమ్మి పారిపోతేనే అది కరకరలాడుతుంది. దాన్ని మూత కింద పెడితే లోపల మిగిలిన తడి ఆవిరై, మూతకు తగిలి తిరిగొచ్చి మీద పడుతుంది. వేడిగా ఉంచాలంటే ఆవిరి ఆపాలి, కరకరగా ఉంచాలంటే ఆవిరి వదలాలి, రెండూ కుదరవు. బజ్జీ, వడ, పూరీ అన్నిటిదీ ఇదే గోడు. బిర్యానీ పుట్టిందే ఆవిరిలో. మూత కింద అరగంట ఉంటే అది దానికి శిక్ష కాదు, మరో అరగంట దమ్ము. ఫోను యాప్‌ల వాళ్లు ఏడాది చివర ప్రకటించే లెక్కల్లో బిర్యానీ ఏళ్ల తరబడి మొదటి స్థానం వదలకపోవడానికి రుచి ఒక్కటే కారణమని నేననుకోను. ప్రయాణం పడే వంట అది. హలీమూ అంతే. రంజాను నెలలో హోటళ్ల ముందు ఇటుకా మట్టితో కట్టే భట్టీని చూడండి. దేగ్ మెడ వరకూ మట్టిలో కూర్చుంటుంది. కింద కట్టెల మంట, పైన ఇద్దరు మనుషులు పొడుగాటి కర్ర ఘోట్నీలతో దంచుతుంటారు. మంట తీసేసినా ఆ మట్టి రాత్రి దాకా వేడి విడుస్తూనే ఉంటుంది. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. దేశంలో మాంసం వంటకానికి అలాంటి గుర్తింపు రావడం అదే మొదలు. డబ్బాల్లో విమానం ఎక్కి పరదేశాలకు వెళ్తోందంటే ఆ ముద్దదనమే దానికి పాస్‌పోర్టు.

ఇళ్లలోకి గడ్డిపెట్టె మారువేషంలో వచ్చింది. 1937లో జర్మనీలో ఓటో బాయర్ పాలియురెథేన్ కనిపెట్టాడు. దాని నురుగులో గాలి బుడగలు గడ్డిలో కంటే గట్టిగా ఇరుక్కుంటాయి. బయట ప్లాస్టిక్, లోపల స్టీలు, మధ్య ఆ నురుగు పెడితే మన హాట్‌ప్యాక్. ఒకప్పుడు పెళ్లిళ్లలో మూడు సైజుల సెట్టు కనీసం నాలుగైనా కానుకగా వచ్చేవి, రెండు అలాగే మరో పెళ్లికి చేతులు మారేవి. చపాతీలు అందులో పెట్టి మూతకింద ఒక గుడ్డ వేయడం ఏ ఇల్లాలూ పుస్తకం చదివి నేర్చుకోలేదు. ఆ గుడ్డ మూత చెమటను పీల్చుకుంటుంది. నా దోసె డబ్బాలో లేనిది ఆ గుడ్డే.

సంచి మాత్రం పిజ్జా వల్ల వచ్చింది. అట్టపెట్టెలో వెళ్లే పిజ్జా దారిలోనే చల్లబడుతుందని 1980ల మొదట్లో ఇన్‌గ్రిడ్ కోసర్ అనే అమెరికా మహిళ వేడి నిలిపే సంచి చేసి పేటెంటు తీసుకుంది. డామినోస్ 30 నిమిషాల్లో ఇస్తామన్న హామీతో ఎదిగి, ఆ తొందరలో జరిగిన రోడ్డు ప్రమాదాల కేసుల తర్వాత 1993లో అమెరికాలో ఆ హామీని మానుకుంది. 1998లో వేడెక్కించే సంచులు దింపింది. వేగంతో గెలవలేనప్పుడు సంచితో గెలవాలనుకున్నారు. ఆ కంపెనీ 1996లో ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచింది. వీపున చతురస్రపు పెట్టె వేసుకున్న మనిషి మన వీధుల్లో మామూలైపోవడానికి అక్కడి నుంచి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

తిరుమలగిరి చౌరస్తాలో రాత్రి ఎనిమిదింటికి నిలబడితే ఆ పెట్టెలు లోతుకుంట, అల్వాల్ వైపు ఒక వరుస, కార్ఖానా వైపు ఒక వరుస సాగుతుంటాయి. వాటిని మోసే కుర్రాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కుంది. కంటోన్మెంటు లోపలి రోడ్లు ఏవి ఎప్పుడు మూస్తారో అన్న గొడవ ఏళ్లుగా నడిచింది. 2018 మేలో రక్షణ శాఖ దేశమంతటా ఆ రోడ్లు జనానికి తెరవమంది గానీ పేచీ పూర్తిగా తీరలేదు. గేటు మూసి ఉంటే చుట్టు తిరిగి రావాలి. సిపాయి కోసం నడక నేర్చిన దేగ్చీ సంతానం సిపాయి గేటు దగ్గరే ఆగిపోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ కుర్రాడికి రాదు, అతని గడియారం నడుస్తూంటుంది.

నవ్వులాట కాని మాట ఒకటి. వేడి అన్నది రుచి కోసమే అనుకుంటాం. ఆహార భద్రత సంస్థ వేడి తిండిని 60 డిగ్రీల పైన ఉంచమంటుంది, చల్లటిదాన్ని 5 డిగ్రీల లోపు. మధ్యదంతా క్రిములకు పండగ. అన్నంలో బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలుంటాయి. ఎసట్లో మరిగినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మేల్కొని పెరుగుతాయి, అవి వదిలే విషం తిరిగి వేడి చేసినా పోదు. 1970లలో ఇంగ్లండులో పార్శిల్ ఫ్రైడ్ రైస్ తిని వాంతులైన కేసులతో ఈ సంగతి బయటపడింది. మన సద్ది పులుపుతో తనను కాపాడుకుంది, దమ్ బిర్యానీ సెగతో కాపాడుకుంది. రెండూ కాని గోరువెచ్చదనాన్ని మన పాతవాళ్లు దగ్గరికి రానివ్వలేదు. ఒక చిన్న సంచిలో నలభై నిమిషాలు తిరిగిన పొట్లంకంటే, పొద్దున వండి మధ్యాహ్నం దాకా బల్ల మీద పెట్టిన పొట్లం ప్రమాదం.

పెద్ద ఎత్తున ఈ లెక్క సరిగా చేసిన వాళ్లను చూడాలంటే 2014లో హైదరాబాదులో అన్నపూర్ణ పేరుతో మొదలైన అయిదు రూపాయల భోజనం దగ్గరికి వెళ్లాలి. ఒక్కచోట వండి నగరమంతా పంచడం. అన్నం పాత్ర నిండా ఉండటమే అక్కడ సగం కాపలా. అరపాత్ర అన్నం నిండు పాత్ర కంటే త్వరగా చల్లారుతుంది. పెద్ద ముద్దకు లోపలి వేడి ఎక్కువ, పారిపోయే దారి తక్కువ. గడ్డిపెట్టెలోనూ అంతే, కాసిని పప్పు పెడితే ఉడకదు, నిండుగా పెడితే ఉడుకుతుంది.

దోసె తెచ్చిన కుర్రాణ్ణి మళ్లీ చూశాను, చౌరస్తాలో సిగ్నలు దగ్గర. సంచి జిప్పు చెడిపోయి పిన్నీసు పెట్టుకున్నాడు. లోపల ఏముందన్నాను. "రెండు బిర్యానీలు, ఒక ఐస్‌క్రీమ్ డబ్బా సార్, ఒకే ఇంటికి" అన్నాడు. రెంటికీ మధ్య మడిచిన అట్టముక్క అడ్డం పెట్టాడు. ఆ సంచికి వేడేదో చల్లనేదో తెలియదు, గాలిని కదలనివ్వకపోవడం ఒక్కటే తెలుసు. డ్యూవర్ సీసాకూ అంతే తెలుసు. ఆ రెండో దారి, అంటే చల్లదనాన్ని మోసుకురావడం, మన దిక్కుకు సముద్రం మీద వచ్చింది. 1840లలో బోస్టన్ చెరువుల్లో కోసిన మంచుగడ్డలు రంపపుపొట్టులో పడుకుని నెలల తరబడి ఓడలో ప్రయాణించి మద్రాసు రేవులో దిగాయి. వాటి కోసం కట్టిన గుండ్రటి ఐస్ హౌస్ మెరీనా ఒడ్డున ఇప్పటికీ ఉంది. దాని సంగతి వచ్చే భాగంలో.